అడుగువాడు, చెప్పువాడు: ‘ఎక్స్‌పెక్ట్’ సాధనముపై ఒక విమర్శ

రాత్రి రెండు గంటల వేళ ఒక కార్యాలయములోని కంప్యూటరు ఆనాటి లెక్కలను దూరముననున్న మరియొక కంప్యూటరునకు పంపవలసియున్నది. పంపు ప్రోగ్రాము సిద్ధముగా నున్నది. ఆ వేళకు దానిని నడిపించు స్క్రిప్టు, అనగా చేయవలసిన పనులను వరుసగా పేర్చి వ్రాసిన ఆదేశముల పట్టిక, అదియు సిద్ధముగానే యున్నది. అయినను పని జరుగదు. అవతలి కంప్యూటరు ‘సంకేతపదమేది?’ అని అడుగును. జవాబు చెప్పవలసిన మనుష్యుడు ఇంటివద్ద నిద్రించుచుండును. తెల్లవారి అతడు వచ్చి చూచుసరికి లెక్కలు ఎక్కడివక్కడనే యుండును.

వాడుకలో పాస్‌వర్డ్ అని పిలువబడు ఈ సంకేతపదమును మనిషికి బదులు స్క్రిప్టే చెప్పునట్లు చేయవచ్చునా? చేయవచ్చును. అందుకై ఏర్పడిన సాధనములలో ‘ఎక్స్‌పెక్ట్’ మిక్కిలి ప్రసిద్ధమైనది. అమెరికాలోని జాతీయ ప్రమాణముల, సాంకేతిక విజ్ఞాన సంస్థలో పనిచేసిన డాన్ లిబెస్ దీనిని నిర్మించి, 1990 వేసవిలో యూసెనిక్స్ సభలో వివరించెను. 1994లో దీనినిగూర్చి సుమారు 600 పుటల గ్రంథము కూడ ప్రకటించెను. మూడు దశాబ్దములు గడచినను ఈ సాధనము వాడుకలోనే యున్నది. కావున దాని గుణదోషములను తూచి చూచుట అవసరము. ముఖ్యముగా, చేయవచ్చునా అను ప్రశ్నకు లభించిన సమాధానము, చేయదగునా అను ప్రశ్నకు కూడ సమాధానమగునా అని విచారింపవలెను.

మొదట చిక్కు ఎక్కడ నున్నదో గ్రహింపవలెను. యూనిక్స్ వంశమునకు చెందిన వ్యవస్థలలో ప్రతి ప్రోగ్రామునకును లోనికి వచ్చు త్రోవ యొకటి, వెలుపలికి పోవు త్రోవ యొకటి ఉండును. ఒక ప్రోగ్రాము వెలుపలికి పంపిన అక్షరములను మరియొక ప్రోగ్రాము లోనికి వచ్చు త్రోవకు కలుపవచ్చును. పైపు అని పిలువబడు ఈ సదుపాయమువలన చిన్న చిన్న ప్రోగ్రాములను గొలుసుకట్టుగా చేర్చి పెద్ద పనులు సాధించుట సులభమైనది. అట్లయిన, సంకేతపదమును కూడ ఒక పైపుగుండ పంపిన సరిపోదా అని విద్యార్థి అడుగవచ్చును.

సరిపోదు. సంకేతపదము నడుగు ప్రోగ్రాములలో పెక్కు ఆ సాధారణమైన త్రోవను నమ్మవు. అవి నేరుగా టెర్మినలును, అనగా మీటలు, తెర కలిసిన ఆ సంభాషణ ద్వారమును తెరచి అచ్చటనే ప్రశ్నించును. దీనికి కారణము కలదు. సామాన్యముగా టెర్మినలులో నొక్కిన ప్రతి అక్షరము తెరపై కనబడును. దీనిని ఎకో, అనగా ప్రతిధ్వని, అందురు. సంకేతపదము నొక్కునపుడు ప్రక్కనున్నవారు చూడకుండ ఆ ప్రతిధ్వనిని ఆపవలెను. ఆపవలెనన్న టెర్మినలే కావలెను. పైపునకు ప్రతిధ్వని యుండదు, ఆపుటయు ఉండదు. అంతేగాక, పెక్కు ప్రోగ్రాములు ప్రశ్న అడుగుటకు ముందే వచ్చి చేరియున్న అక్షరములను పారవేయును. ప్రశ్న వినిన తరువాత చెప్పిన జవాబే జవాబు. ముందుగనే సిద్ధపరచిన పైపు గుక్కతిప్పుకొనకుండ ఎన్ని అక్షరములు పంపినను అవి చేరవలసిన చోటికి చేరవు.

ఈ గోడను లిబెస్ దాటిన విధము మెచ్చదగినది. యూనిక్స్ వ్యవస్థలలో కృత్రిమ టెర్మినలు అనునది యొకటి కలదు. దాని కొక కొసన నున్న ప్రోగ్రామునకు అది నిజమైన టెర్మినలువలెనే కనబడును. ప్రతిధ్వనిని ఆపుమన్న ఆపును. రెండవ కొసన మాత్రము మనుష్యుడుండడు, మరియొక ప్రోగ్రాము కూర్చుండును. ఎక్స్‌పెక్ట్ ఆ రెండవ కొసన కూర్చుండి సంభాషణ నడుపును. దాని ముఖ్యమైన క్రియలు నాలుగు. ‘స్పాన్’ అనగా కృత్రిమ టెర్మినలుపై ఒక ప్రోగ్రామును ప్రారంభించుట. ‘ఎక్స్‌పెక్ట్’ అనగా ఫలానా మాటలు వచ్చువరకు కాచియుండుట. సాధనమునకు పేరు వచ్చినది దీనినిబట్టియే. ‘సెండ్’ అనగా జవాబు పంపుట. ‘ఇంటరాక్ట్’ అనగా నడిపినంత నడిపి మిగిలిన సంభాషణను మనిషికి అప్పగించుట. జాన్ ఔస్టర్‌హౌట్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున రూపొందించిన టికిల్ అను చిన్న భాషపై ఈ నాలుగింటిని లిబెస్ నిలిపెను. అందువలన షరతులు, పునరావృత్తులు మొదలగునవి స్క్రిప్టు వ్రాయువారికి వేరుగా వెదకుకొనవలసిన పని లేకపోయెను.

ఈ నిర్మాణములోని ప్రధాన గుణము, మూల ప్రోగ్రామును తాకకుండుట. సంకేతపదమును మార్చు ప్రోగ్రామును మనిషి మాత్రమే నడుపగలడని దాని కర్తలు తలంచిరి. వేయిమంది విద్యార్థులకు ఒక్కసారిగా సంకేతపదములు ఇవ్వవలసిన కళాశాల అధికారి మాట వారికి తోచలేదు. అట్టివాడు ఆ ప్రోగ్రామును తిరిగి వ్రాయనక్కరలేదు. దానితో మాటలాడు నేర్పు గల స్క్రిప్టు నొకదానిని వ్రాసికొన్న చాలును. ఈ నేర్పు సంకేతపదములకే పరిమితము కాలేదు. జీసీసీ అను ప్రసిద్ధ కంపైలరును పరీక్షించుటకు వాడు డెజాగ్నూ అను పరీక్షా సాధనము ఎక్స్‌పెక్ట్ పైననే నిర్మింపబడినది. ప్రోగ్రామును నడిపి, అది ఏమి పలుకునో విని, పలుకవలసినదే పలికెనా అని తీర్పు చెప్పుట ఎక్స్‌పెక్ట్ కు సహజమైన విద్య.

ఇంత గుణమున్న సాధనములో దోషము లేదా? ఉన్నది. అది శక్తిలోని కొరత కాదు, అలవాటులోని కొరత. పాఠశాలకు పరీక్షాధికారి వచ్చునని తెలిసి ఒక బాలుడు అయిదు జవాబులు వరుసగా వల్లించియుంచుకొనెను అనుకొందురు గాక. అధికారి మొదటి ప్రశ్న అడుగుటలో కొంచెము ఆలస్యము చేసెను. బాలుడు ఓపిక పట్టలేక మొదటి జవాబు చెప్పివేసెను. అటుపైన అధికారి మొదటి ప్రశ్న అడుగగా బాలుడు రెండవ జవాబు చెప్పెను. ఎక్స్‌పెక్ట్ స్వభావము సరిగా ఇట్టిది. కాచియుండుమన్న మాటలు 10 సెకనులలో రానిచో, రానపుడేమి చేయవలెనో స్క్రిప్టులో వేరుగా వ్రాసియుండనిచో, అది తప్పు జరిగినదని చెప్పదు, ఆగదు. మౌనముగా తరువాతి ఆదేశమునకు పోవును. తరువాతి ఆదేశము ‘సంకేతపదమును పంపుము’ అనియే కదా!

ఆ పిమ్మట జరుగుదానిని మెట్టు మెట్టుగా చూడుడు. వలయములో రద్దీవలన అవతలి కంప్యూటరు ప్రశ్న అడుగుటకు 15 సెకనులు పట్టినదనుకొనుడు. పదవ సెకనున స్క్రిప్టు సంకేతపదమును పంపివేసినది. అప్పటికి ప్రశ్నయే పుట్టలేదు గనుక ప్రతిధ్వని యింకను ఆపబడలేదు. కావున రహస్యముగా నుండవలసిన అక్షరములు తెరపైకి వచ్చును. స్క్రిప్టు పలుకులన్నియు ఒక దస్త్రములో నమోదగుచున్నచో ఆ దస్త్రములోనికిని వచ్చును. పదునైదవ సెకనున అసలు ప్రశ్న వచ్చును. ముందు వచ్చిన అక్షరములు పారవేయబడును. పని జరుగదు, రహస్యము మిగులదు. అవతలివాడు సంకేతపదమునకు ముందు వాడుకరి పేరు నడుగు సమయమైనచో మరింత వింత: సంకేతపదమే పేరుగా పోయి, విఫలమైన ప్రవేశముల పట్టికలో పదిలముగా నిలిచియుండును.

దీనికి చికిత్స ఎక్స్‌పెక్ట్ లో లేకపోలేదు. గడువు దాటినపుడు ఆగిపొమ్మని ఒక్క పంక్తి వ్రాసిన చాలును. అయినను ప్రాణాపాయమునుండి కాపాడు పంక్తిని వ్రాయువాని జ్ఞాపకమునకు వదలివేయుట మంచి నిర్మాణము కాదు. ఇదే మార్గమున పైథాన్ భాషలో తరువాత వెలసిన పెక్స్‌పెక్ట్ అను సాధనము ఈ విషయమున మేలైన త్రోవ పట్టినది. అందు గడువు 30 సెకనులు. గడువు దాటినపుడు ఏమి చేయవలెనో వ్రాసియుండనిచో అది అడ్డము తిరిగి పనిని ఆపివేయును. మరచినవాని స్క్రిప్టు ముందుకు పోవుటకన్న నిలిచిపోవుటయే క్షేమము.

రెండవ దోషము మాటలను పోల్చుటలో నున్నది. ఎక్స్‌పెక్ట్ ప్రశ్నయొక్క అర్థమును గ్రహింపదు. అక్షరములను మాత్రమే సరిచూచును. ఒక ప్రోగ్రాము పాస్‌వర్డ్ అను ఆంగ్లపదమును పెద్ద అక్షరముతోను, మరియొకటి చిన్న అక్షరముతోను మొదలుపెట్టును. అందుచేత స్క్రిప్టు వ్రాయువారు ఆ మొదటి అక్షరమును కొట్టివేసి, మిగిలిన ‘అస్‌వర్డ్’ అను ముక్కకై కాచియుండుట ఒక ఆచారమైపోయినది. చూచుటకు ఇది నేర్పుగనే యుండును. కాని ‘నీ పాస్‌వర్డ్ గడువు రేపటితో తీరును’ అను హెచ్చరికలో కూడ ఆ ముక్క కలదు. స్క్రిప్టు దానిని ప్రశ్న యనుకొని జవాబు చెప్పును. ముక్క ఎంత చిన్నదైన పొరపాటునకు అంత చోటు. ప్రోగ్రాము క్రొత్త కూర్పులో ప్రశ్నయొక్క మాటలు కొంచెము మారినను, వ్యవస్థ ఆంగ్లమునకు బదులు వేరొక భాషలో పలికినను స్క్రిప్టు చెవిటిదగును.

ఇంతకన్న ప్రమాదకరమైన పోలిక యింకొకటి కలదు. ఎస్‌ఎస్‌హెచ్ అను ప్రోగ్రాము మొదటిసారి ఒక దూరపు కంప్యూటరును కలిసినపుడు, దాని గుర్తింపు ముద్రను తెరపై చూపి, ‘ఇది నీవు కోరిన కంప్యూటరేనా? ముందుకు పోవుదునా?’ అను భావముతో ప్రశ్నించును. మనుష్యుడు ఆ ముద్రను తనయొద్దనున్న దానితో సరిచూచి ‘అవును’ అనవలెనని ఉద్దేశము. స్క్రిప్టులలో పెక్కు ఈ ప్రశ్న వినగానే ‘అవును’ అని, వెంటనే సంకేతపదమును పంపివేయును. మధ్యలో ఒక మోసగాని కంప్యూటరు కూర్చుండి నిజమైనదానివలె నటించుచున్నచో, సంకేతపదము అడిగిన వెంటనే అతని చేతిలో పడును. కాపలాదారు ‘ఎవరది?’ అని అడుగుట మానుమనలేదు. ఎవరేమి చెప్పినను తలుపు తీయుమన్నారు. ఈ దోషము లిబెస్ ది కాదు, వాడువారిది. అయినను ప్రశ్నలకు జవాబులు చెప్పించు సాధనము, చెప్పరాని జవాబులను కూడ అంతే సులభముగా చెప్పించునను సంగతి గుర్తుంచుకొనవలెను.

మూడవ విషయము అన్నిటికన్న మౌలికమైనది. స్క్రిప్టు సంకేతపదమును చెప్పవలెనన్న సంకేతపదము ఎక్కడనో వ్రాయబడియుండవలెను. ఎక్కడ? దీని మర్మము తెలియుటకు కొంత చరిత్ర అవసరము. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున సీటీఎస్ఎస్ అను వ్యవస్థ 1960 దశకములో నడచుచుండెను. ఆ దశకము నడుమ ఒకనాడు, రెండు తాత్కాలిక దస్త్రములు తారుమారై, ప్రవేశించిన ప్రతివారికిని ఆనాటి సందేశమునకు బదులు అందరి సంకేతపదముల పట్టిక కనబడెను. దస్త్రము భద్రముగా నున్నదను నమ్మకము ఎంత పెళుసైనదో అప్పుడు తెలిసినది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో యూనిక్స్ మార్గము వివరింపబడినది. వ్యవస్థ సంకేతపదమును ఉన్నది ఉన్నట్లు దాచుకొనదు. తిరిగి రాబట్టుటకు వీలులేని విధముగా దానిని మార్చి, ఆ మారిన రూపమునే దాచుకొనును. నీవు చెప్పినదానిని అట్లే మార్చి రెండును సరిచూచును.

ఇప్పుడు వైపరీత్యము చూడుడు. సంకేతపదమును సరిచూడవలసిన కంప్యూటరే దానిని తెలిసికొనరాదని పెద్దలు ఇంత శ్రమపడగా, స్క్రిప్టు వ్రాయువాడు దానిని ఒక దస్త్రములో తేటతెల్లముగా వ్రాసి యుంచుచున్నాడు. ఇల్లు తాళమువేసి, తాళముచెవిని ద్వారబంధముపై పెట్టి ఊరికి పోయినట్లున్నది. ఆ దస్త్రమును ఇతరులు చదువకుండ కట్టుదిట్టము చేయవచ్చును. కాని నకళ్లు తీయునపుడును, స్క్రిప్టును మిత్రునకు ఇచ్చునపుడును ఆ రహస్యము వెంటబోవును. దస్త్రములో వ్రాయక ఆదేశపంక్తిలోనే ఇచ్చిన మరింత చేటు. సాధారణముగా లినక్స్ లో, ఏ ప్రోగ్రాము ఏ ఆదేశపంక్తితో నడచుచున్నదో ఆ యంత్రముపై నున్న ఇతర వాడుకరులు కూడ చూడగలరు. ఎస్‌ఎస్‌హెచ్‌పాస్ అను చిన్న సాధనము ఆదేశపంక్తిలో సంకేతపదమును స్వీకరించును. కాని తన మార్గములన్నిటిలో ఇదియే అన్నిటికన్న తక్కువ భద్రత గలదని దాని వివరణ పత్రమే హెచ్చరించుచున్నది. ఎక్స్‌పెక్ట్ తో కూడ లభించు ఆటోఎక్స్‌పెక్ట్ అను సహాయక ప్రోగ్రాము మనిషి చేసిన సంభాషణను గమనించి తానే స్క్రిప్టును వ్రాసిపెట్టును. సౌకర్యమే, కాని గమనించుచున్నపుడు నొక్కిన సంకేతపదమును కూడ అది ఆ స్క్రిప్టులో తప్పక వ్రాసిపెట్టును.

లిబెస్ ఈ ప్రమాదము నెరుగనివాడు కాడు. ఎక్స్‌పెక్ట్ వివరణ పత్రములో ఒక ఉదాహరణము కలదు. గంట కొకసారి నడువవలసిన ప్రోగ్రాము నడచిన ప్రతిసారియు సంకేతపదము నడుగును. స్క్రిప్టు మొదట ఒక్కసారి మనిషినుండి సంకేతపదమును అడిగి తీసికొని, జ్ఞాపకములో మాత్రమే ఉంచుకొని, టెర్మినలునుండి విడివడి, గంట గంటకు తానే జవాబు చెప్పుచుండును. రహస్యము దస్త్రమునకు ఎక్కలేదు. ఇది వివేకము గల పరిష్కారము. యంత్రము ఆగి మరల మొదలైనచో మనిషి మరల వచ్చి చెప్పవలెను. అది అసౌకర్యమే గాని తప్పు కాదు. విచారకరమైన దేమనగా, వాడుకలో కనబడు స్క్రిప్టులు ఈ ఉదాహరణమును అనుసరింపక సులభమైన త్రోవనే పట్టినవి.

ఇక సంకేతపదమే అక్కరలేని త్రోవ యున్నదా? 1995లో ఫిన్లండు దేశస్థుడు టాటు యిలోనెన్ వెలువరించిన ఎస్‌ఎస్‌హెచ్ లో జంట తాళముచెవుల పద్ధతి కలదు. గణితశాస్త్ర సహాయమున ఒక రహస్యపు చెవి, దానికి జోడైన బహిరంగపు చెవి పుట్టింపబడును. బహిరంగపు చెవిని అవతలి కంప్యూటరులో నుంచెదరు. రహస్యపు చెవి తనయొద్ద నున్నదని ఇవతలి కంప్యూటరు నిరూపించునే గాని దానిని పంపదు. ప్రశ్నయు లేదు, వల్లించు జవాబును లేదు. అన్నిటికన్న ముఖ్యమైన మేలు వేరొకటి: ఈ చెవితో వచ్చువాడు ఫలానా ఒక్క ఆదేశమునే నడుపవలెనని అవతల కట్టడి చేయవచ్చును. రాత్రి లెక్కలు పంపు చెవి దొంగిలింపబడినను దొంగ లెక్కలు మాత్రమే పంపగలడు. సంకేతపదము దొంగిలింపబడినచో అతడు ఆ మనిషియే అయిపోవును. ఒకే యంత్రములో పాలకుని అధికారము కావలసినపుడు కూడ సుడూ అను ప్రోగ్రాములో ‘ఈ వాడుకరి, ఈ ఒక్క పనిని, సంకేతపదము లేకుండ’ అని నియమము వ్రాయవచ్చును.

ఇదియు దోషరహితమని చెప్పుట అతిశయోక్తి యగును. రహస్యపు చెవి కూడ ఒక దస్త్రమే. 1988 నవంబరులో ఇంటర్నెట్టును కుదిపిన పురుగు అను ప్రోగ్రాము, సంకేతపదములను ఊహించుటయే గాక, ఒక కంప్యూటరు మరియొకదానిని సంకేతపదము లేకుండ నమ్ము ఏర్పాటులను కూడ వాడుకొని వ్యాపించెను. దానిని వ్రాసిన రాబర్ట్ టాపన్ మోరిస్, 1979 నాటి ఆ వ్యాసకర్త మోరిస్ కుమారుడే. మనిషి లేని చోట యంత్రమును యంత్రము నమ్మవలసి వచ్చినపుడు, ఆ నమ్మకమునకు హద్దు గీచుటయే శాస్త్రము. హద్దు లేని నమ్మకము ఏ పద్ధతిలోనైన చేటే.

కావున తీర్పు ఈ విధముగా చెప్పవచ్చును. తలుపు వేరొకటి లేని చోట, అనగా పాత పరికరములు మనిషితోనే మాటలాడుదుమని భీష్మించుకొన్నపుడు, ప్రోగ్రాములను పరీక్షింపవలసినపుడు, ఎక్స్‌పెక్ట్ కు సాటియైనది అరుదు. సంకేతపదమును చెప్పించుటకు మాత్రము అది మొదటి సాధనము కారాదు, చివరి సాధనము కావలెను. చెవుల జంట లేదా నియమము కుదురునేమో ముందు చూడవలెను. కుదరనిచో సంకేతపదమును ఒక్కసారి మనిషినడిగి జ్ఞాపకములో నుంచవలెను. గడువు దాటిన ఆగిపొమ్మని ప్రతి నిరీక్షణకును వ్రాయవలెను. తెలియని ముద్రకు ‘అవును’ అనరాదు.

ఉన్నత పాఠశాలలో కంప్యూటరు బోధించువారు దీనిని చక్కని పాఠముగా మలచవచ్చును. ‘పేరేమి? తరగతి ఏది?’ అని రెండు ప్రశ్నలడుగు చిన్న ప్రోగ్రామును విద్యార్థుల చేతనే వ్రాయించి, దానికి జవాబు చెప్పు స్క్రిప్టును వేరొక జట్టుచేత వ్రాయింపవలెను. నిజమైన సంకేతపదములను ఈ ప్రయోగములో వాడరాదు. తరువాత మొదటి ప్రశ్న 12 సెకనులు ఆలస్యముగా వచ్చునట్లు మార్చి, ఏమగునో చూడుమనవలెను. పేరు నడుగకముందే పేరు చెప్పు యంత్రమును చూచి పిల్లలు నవ్వుదురు. ప్రశ్న వినకుండ జవాబు చెప్పుట మనిషికైనను యంత్రమునకైనను జ్ఞానము కాదని, ఆ నవ్వులోనే వారికి బోధపడును.